సీపీఐ, డబ్ల్యూపీఐ, కోర్: మదుపు చేసేవారికి ఏ లెక్క మేలు?

2023 జులైలో టమాటా ధర మండిపోయిన సంగతి గుర్తుందా? ఆ నెల రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే మనం కొనే సరుకులు, సేవల ధరలు ఏడాదిలో ఎంత పెరిగాయో చెప్పే సీపీఐ, 7.44 శాతం. టోకు ధరల లెక్క డబ్ల్యూపీఐ మాత్రం మైనస్ 1.36. ఆహారం, ఇంధనం తీసేసి చూసే కోర్ ద్రవ్యోల్బణం 5 శాతానికి కాస్త దిగువన ఉంది. ఒకే నెలకు మూడు కబుర్లు. దేన్ని నమ్మాలి?

డబ్ల్యూపీఐని ముందే పక్కన పెడతాను. ఇంటి అద్దె, స్కూల్ ఫీజు, ఆసుపత్రి బిల్లు లాంటి సేవలేవీ అందులో ఉండవు. సుమారు 64 శాతం బరువు, అంటే లెక్కలో వాటా, ఫ్యాక్టరీ సరుకులదే. సిమెంట్, స్టీల్ కంపెనీల షేర్లు ఉన్నవాళ్లు ముడిసరుకు ఖర్చు తెలుసుకోవడానికి చూడొచ్చు. ఎఫ్‌డీల్లో, బాండ్లలో డబ్బు పెట్టే డెట్ ఫండ్లలో ఉన్నవాళ్లకు దాంతో పెద్ద పనిలేదు.

సీపీఐని అలా వదిలేయలేం. 2016లో చట్టం సవరించాక రిజర్వ్ బ్యాంకు లక్ష్యం దీని మీదే: 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అందుకే నెల నెలా సీపీఐ విడుదలయ్యే 12వ తేదీ కోసం బాండ్ మార్కెట్ ఎదురుచూస్తుంది. చిక్కల్లా తిండి దగ్గరే. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సిరీస్‌లో ఆహార పానీయాల బరువు దాదాపు 46 శాతం ఉండేది. నాలుగు కూరగాయల ధరలు పెరిగితే లెక్క మొత్తం ఎగిరిపడేది. 2023లో ఆ 7.44 చూసి, ఇక వడ్డీ రేట్లు పెంచేస్తారని, దాంతో ఫండ్ విలువ తగ్గుతుందని టెన్షన్‌తో డెట్ ఫండ్ అమ్ముకుని ఉంటే తొందరపాటే అయ్యేది. సెప్టెంబరుకే సీపీఐ 5.02కి దిగింది. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 6.5 దగ్గరే ఉండిపోయింది. దారి సరిగ్గా చూపింది కోర్ లెక్కే.

2025 అక్టోబరులో కథ తిరగబడింది. ఆహార ధరలు తగ్గడంతో సీపీఐ 0.25 శాతానికి పడిపోయింది, కోర్ మాత్రం 4 దాటే ఉంది. 6.5 శాతం వడ్డీ వచ్చే ఎఫ్‌డీ ఉందనుకోండి. 30 శాతం పన్ను పోతే చేతికి వచ్చేది 4.55. సీపీఐతో పోలిస్తే బాగా మిగిలినట్టే. కోర్‌తో పోలిస్తే దాదాపు ఏమీ మిగల్లేదు! అయితే కోర్‌లో బంగారం కూడా ఉంటుంది, ఆ ఏడాది దాన్ని బాగా పైకి లాగింది బంగారమే. కాబట్టి బంగారం కొనని ఇంటికి ఆ లెక్క కాస్త ఎక్కువే.

అయినా నా ఓటు కోర్‌కే. సీపీఐ, అది విడుదలైన రోజు మార్కెట్ ఎటు కదులుతుందో చెబుతుంది, ఏడాది రెండేళ్లకు డబ్బు పెట్టేటప్పుడు కోర్ నయం. బంగారం సంగతి విడిగా చూసుకోవాలి. రాష్ట్రం లెక్క కూడా చూడండి: 2025 జూన్‌లో తెలంగాణలో ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందికి పోతే, కేరళలో 6 శాతం దాటింది.