టెర్రస్ మీద ఈగలు: వేపపొగ నుంచి స్టాండు ఫ్యాను దాకా వాడి చూసినవి

ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఈగల బెడదను నిజంగా తగ్గించినవి రెండే: ఒక స్టాండు ఫ్యాను, మూత గట్టిగా పట్టే తడిచెత్త డబ్బా. మిగతావాటిలో కొన్ని కాస్తో కూస్తో పనిచేశాయి, కొన్ని అసలు చేయలేదు. ఒకటి రెండయితే కొత్తరకం ఈగల్ని పిలిచి మరీ కూర్చోబెట్టాయి.

మేముండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో, ఒక ఇంటి పై అంతస్తులో. గదులు చిన్నవే గానీ ముందు పెద్ద టెర్రస్ ఉంది. సాయంత్రం టీ, ఆదివారం టిఫిను, ఎవరైనా వస్తే భోజనాలు, అన్నీ అక్కడే. రెండిళ్ళ అవతల ఆవుల కొట్టం, ఎదురుగా ఎవరూ ఇల్లు కట్టని సైటు. బెంగళూరులో ఖాళీ సైటు ఉంటే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు, రాత్రికి రాత్రి చెత్త కవర్లు పుట్టుకొస్తాయి. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, స్ప్రే మందులు కొట్టడం నాకిష్టం లేదు. అందుకే కోవిడ్ లాక్‌డౌన్ల కాలం నుంచి ఇవన్నీ ఒక్కొక్కటిగా వాడుతూ వస్తున్నాను.

ఫ్యాను సంగతి. ఈగకు ఎదురుగాలంటే పడదు, గాలి బలంగా వీచేచోట వాలడానికి తంటాలు పడుతుంది. పైగా ఈగ వాసన పట్టుకుని వస్తుంది కదా, గాలికి ఆ వాసన కూడా చెదిరిపోతుంది. భోజనాల బల్లకు ఒక పక్కగా, పళ్ళాల ఎత్తులో గాలి తగిలేలా పెట్టాలి. మన మొహానికి తగిలేలా పెడితే మనకు హాయే తప్ప ఈగలకు ఏ ఇబ్బందీ ఉండదు. అటూఇటూ తిప్పే బటన్ వేయకూడదు, ఫ్యాను పక్కకు తిరిగిన ఆ కాస్త సేపట్లోనే పెరుగు గిన్నె మీద వాలిపోతాయి. కరెంటు గురించి బెంగ అక్కర్లేదు. యాభై వాట్ల ఫ్యాను ఇరవై గంటలు తిరిగితే ఒక్క యూనిట్. అప్పటిదాకా ఆదివారాలు ఇడ్లీల ముందు కూర్చుని ఈగలు తోలుకోవడమే మా ఆయన పని.

ఇక వీడియోల్లో బాగా చెప్పే మొక్కలు. తులసి, పుదీనా, నిమ్మగడ్డి, బంతి, అన్నీ పెట్టాను. ఈగలు పుదీనా ఆకు మీదే కూర్చుని కాళ్ళు రుద్దుకుంటుంటే కళ్ళారా చూశాను. ఆకు నలిపితే తప్ప ఆ నూనె వాసన గాలిలోకి పెద్దగా రాదు. కుండీలో ఊరికే ఉన్న మొక్కకు ఈగను తరిమే శక్తి లేదు. నిమ్మగడ్డి టీకి, పుదీనా పచ్చడికి బ్రహ్మాండంగా పనికొస్తున్నాయి, అది వేరే సంగతి. పైగా మొక్కలకు నీళ్ళు ఎక్కువైతే మట్టిలోంచి సన్నటి నల్ల ఈగలు లేస్తాయి. అవి ఇంటి ఈగలు కావు, తడిమట్టిలో బూజు తిని పెరిగే రకం. పైమట్టి ఎండేదాకా నీళ్ళు ఆపి, కుండీలో పసుపుపచ్చ జిగురు అట్ట ఒకటి గుచ్చితే తగ్గిపోతాయి. ఆ అట్టకు ఇంటి ఈగలు మాత్రం పెద్దగా చిక్కవు.

నిమ్మగడ్డి నూనె నీళ్ళలో కలిపి బల్ల తుడిస్తే కాసేపు బాగానే ఉంటుంది. మూసిన గదిలో ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుందేమో గానీ, టెర్రస్ మీద భోజనం ముగిసేలోపే ఎగిరిపోతుంది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఇలాంటి నూనెల జోలికి పోకండి, వాటికి విషం. కర్పూరం బిళ్ళలు గిన్నెలో పెట్టే చిట్కా కూడా చిన్నపిల్లలున్న ఇళ్ళలో వద్దు. పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకుంటే ప్రమాదం.

వేపాకు పొగ మా అత్తగారి వైద్యం. ఆవిడది చిత్తూరు. సాంబ్రాణి, ఎండు వేపాకు కలిపి పొగ వేస్తే ఈగలు పోయే మాట నిజమే. కాకపోతే మనుషులు కూడా పోతారు. పొగ ఉన్నంతసేపే పని, తగ్గగానే మళ్ళీ హాజరు. భోజనానికి ఒక అరగంట ముందు వేసి, పొగ సద్దుమణిగాక ఫ్యాను పెట్టుకుంటే సరిపోతుంది.

టీ కొట్ల ముందు నీళ్ళ కవరు వేలాడదీసి, అందులో ఒక రూపాయి బిళ్ళ వేయడం చాలాచోట్ల చూసే ఉంటారు. నేనూ వేలాడదీశాను. ఆ కవరు మీదే వాలాయి.

వెనిగర్ గ్లాసుది మాత్రం వేరే కథ. గ్లాసులో కొంచెం యాపిల్ సైడర్ వెనిగర్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. అరటిపళ్ళ చుట్టూ తిరిగే సన్నటి పళ్ళ ఈగలకు పులిసిన వాసనంటే ప్రాణం, వచ్చి పడతాయి. సబ్బు వల్ల నీటి పైన పొర బలం తగ్గి మునిగిపోతాయి. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ అనపకాయలు రాశులుగా వస్తాయి, కన్నడంలో అవరెకాయి అంటారు. మా ఇంట్లో పితికిన పప్పు లేకుండా ఆ సీజన్ గడవదు. నానబెట్టి పితికిన గింజల తోలు ఒక్క పూట బయట ఉంటే చాలు, పళ్ళ ఈగలు పొగలా లేస్తాయి. అప్పుడు ఈ గ్లాసు నిజంగా ఆదుకుంటుంది. అయితే పెద్ద ఈగలు దాని వైపు చూడను కూడా చూడవు. వెనిగర్ పనిచేయలేదని చాలామంది అనడానికి కారణం ఇదేననుకుంటాను. ముందు మీ ఇంటికొచ్చేది ఏ ఈగో చూసుకోండి.

పెద్ద ఈగల మూలం చెత్తలో ఉంది. ఆడ ఈగ ఒక్కో విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. తడి, కుళ్ళు దొరికితే ఒక రోజులోపే పురుగులవుతాయి. ఎండాకాలంలో వారం పది రోజులకల్లా రెక్కలొస్తాయి. కాబట్టి తడిచెత్త రోజూ పొద్దున వచ్చే చెత్త ఆటోకి ఇచ్చేయాలి, రాని రోజున మూత గట్టిగా బిగించాలి. డబ్బాను వారానికి రెండుసార్లయినా కడిగి ఎండలో బోర్లించాలి. నేను డబ్బా అడుగున పాత పేపర్ పరుస్తాను, తడి పీల్చుకుంటుంది. వాసన లేకపోతే సగం ఈగలు మెట్లెక్కి పైకే రావు.

కంపోస్టు కుండల వాళ్ళకు ఒక మాట. చెత్త వేసిన ప్రతిసారీ పైన పొడి కొబ్బరిపొట్టు మందంగా కప్పండి. లోపల బూడిదరంగు లావు పురుగులు, అప్పుడప్పుడూ కందిరీగలాంటి నల్లటి పొడుగు ఈగ కనిపిస్తే చంపకండి. అది బ్లాక్ సోల్జర్ ఫ్లై. కుట్టదు, పెద్దయ్యాక మన తిండి జోలికీ రాదు. దాని పురుగులు ఉన్నచోట ఇంటి ఈగలు గుడ్లు పెట్టడం బాగా తగ్గుతుంది. నేను పెట్టిన వాటిలో పైసా ఖర్చు లేకుండా పనిచేసింది ఇదొక్కటే, అదీ తనంతట తనే వచ్చింది.

అన్నిటికీ అసలు పరీక్ష ఆవకాయ. మే నెలలో అత్తగారు వస్తారు, టెర్రస్ మీదే కాయలు కొట్టిస్తారు. తీసేసిన జీడి, కాయల రసం, దుప్పటి మీద ఆరబెట్టిన ముక్కలు... ఊళ్ళో ఈగలన్నిటికీ పెళ్ళిపిలుపు అందినట్టే. ముక్కలు ఆరేటప్పుడు ఫ్యాను పెడితే రెండు లాభాలు, తడీ ఆరుతుంది, ఈగా వాలదు. పిండి కలిపే వేళకు మాత్రం చిక్కొచ్చి పడింది. "ఫ్యాను ఆపమ్మా, ఆవపిండంతా పక్కింటోళ్ళకు పోతాది!" అని అరిచారు అత్తగారు. కారం పొడి అప్పటికే మా ఆయన కళ్ళలోకి పోయింది. ఇప్పుడు ముక్కలు తుడవడం, ఆరబెట్టడం బయట ఫ్యాను కింద, కలపడం లోపల వంటింట్లో. వడియాలకు పిల్లల మడత దోమతెర కప్పుతాం. జీడి, తొక్కలు అప్పటికప్పుడు మూత డబ్బాలోకి. బెంగళూరు మే నెల వానలు ముక్కల్ని తడిపేస్తే మాత్రం నా దగ్గర మందు లేదు.

మన చేతిలో లేనిది ఒకటుంది. ఈగ ఒకటి రెండు కిలోమీటర్లు సులువుగా వెళ్ళగలదు, మనిల్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఎదురు సైటు చెత్త మనదే అవుతుంది. కింది ఓనర్ ఆంటీ వీధివాళ్ళను పోగేసి సైటు శుభ్రం చేయించి, మూలన ముగ్గు వేయించారు. ముగ్గున్నచోట చెత్త పారేయడానికి చెయ్యి రాదని ఆవిడ నమ్మకం. చాలావరకు నిజమే, ముగ్గు చెరిగిన వారం మళ్ళీ కవర్లు వస్తాయి. ఇప్పుడా ముగ్గు ఇళ్ళవాళ్ళం వంతులేసుకుని వేస్తున్నాం. అక్కడ ఎలుకేదైనా చచ్చి, మెరిసే పచ్చ ఈగలు వచ్చాయంటే మాత్రం ఫ్యానుకూ లొంగవు. ఆ రెండు రోజులు లోపలే తింటాం.

కొనేవాళ్ళకు: టేబుల్ ఫ్యాను కంటే ఎత్తు మార్చుకునే స్టాండు ఫ్యాను మేలు. బరువైన అడుగు ఉన్నది చూసుకోండి, టెర్రస్ గాలికి తేలికవి పడిపోతున్నాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద పెట్టకుండా కుర్చీ మీదో గోడకో ఉంచండి. నాలుగు చినుకులు పడగానే ముందు ప్లగ్ తీసి, తర్వాత పళ్ళాలు లోపలికి పట్టుకెళ్ళండి.