‘ఈ-సబ్’ అని చూసి టికెట్ కొనకండి

ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. హైదరాబాద్‌లో ఏ మల్టీప్లెక్సో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

నాకు రెండు చెవులకీ మిషన్లే. హాల్లో ఆ మోతకి మాటా మ్యూజిక్కూ కలిసిపోయి ఒట్టి రొద మిగులుతుంది. అందుకే యాప్‌లో షో పక్కన ‘ఈ-సబ్’ (అంటే తెర మీద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్) అని ఉంటేనే కొంటాను. తెలుగు సినిమాని ఇంగ్లీషులో చదువుకోవడమే మహాభాగ్యం అనుకునే రకాన్ని. పోయిన నెల ఇదే హాల్లో మొదటి పావుగంట అక్షరాలు పడలేదు. అప్పుడే బుద్ధి రావాల్సింది, రాలేదు. మూడు టికెట్లు, ఫీజుతో కలిపి దాదాపు వెయ్యి.

పది నిమిషాలైంది, తెర మీద ఒక్క అక్షరం లేదు. తమ్ముణ్ణి తీసుకుని మేనేజర్ దగ్గరికెళ్లి టికెట్ చూపించాను. చూశాడు, నవ్వాడు.

‘సౌండ్ కాస్త పెంచమంటాను మేడమ్.’

ఆ ముక్క మాత్రం పెదాల మీద స్పష్టంగా చదివాను! ‘నాకు వినపడదండీ’ అన్నాను. అంతే, మొహం తమ్ముడి వైపు తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత నాకు కనిపించింది ఆయన చెవి, మెడలో ఐడీ కార్డు తాడు. ఏమన్నాడో తమ్ముడు కార్లో చెప్పాడు: ‘ఆవిడకి తెలుగు రాదా? ఈసారి వచ్చేముందు ఫోన్ చేసి కనుక్కోమనండి.’

ఫోన్. నేను. చెయ్యాలట.

వినికిడి లోపం ఉన్నవాళ్లకి హాళ్లలో క్యాప్షన్లు అందాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చి 15న మార్గదర్శకాలు ఇచ్చింది. తెర మీదైనా వెయ్యొచ్చు, విడిగా అద్దాల్లాంటి పరికరంలోనైనా చూపించొచ్చు. తమ్ముడు ఆ మాట ఎత్తితే, అవి ప్రొడ్యూసర్లు చూసుకోవాలన్నాడట. త్రీడీ అద్దాలు మాత్రం అడక్కుండానే చేతిలో పెట్టి డబ్బులు తీసుకుంటారు మహానుభావులు.

షో మొదలయ్యాక రిఫండ్ లేదట. అమ్మ ఒక్కత్తే లోపల కూర్చుని ఉంది, ఆమెనీ లేపుకొచ్చేశాం.

మీరైనా బుక్ చేసేముందు వినపడేవాళ్లెవరిచేతైనా హాలుకి ఫోన్ చేయించండి. ‘ఈ-సబ్’ అని ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నేను తియ్యలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ ఫోన్ నంబరే, మన ఖర్మ. కాకపోతే వెబ్‌సైట్‌లో రాసి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, రాత్రికి పెడతాను.

యాప్‌లో రేపటి షో పక్కన ఇంకా ‘ఈ-సబ్’ అనే ఉంది. ఇప్పుడే చూశాను.