ఎన్నికల ఖర్చుకు ఆన్‌లైన్ చందాలు: బల్దియా నుంచి అసెంబ్లీ దాకా వాడాక

మా ఫ్రెండ్ 2020లో బల్దియాకు, అంటే జీహెచ్‌ఎంసీకి, 2023లో అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడ్డాడు. రెండుసార్లూ డబ్బు లెక్కలు నేనే చూశాను. ఖర్చులో ఎక్కువ భాగం క్రౌడ్‌ఫండింగ్ పేజీ మీదే, అంటే ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు పోగుచేసే పేజీ మీదే వచ్చింది. ఓడిపోయాం, అది వేరే సంగతి. మళ్లీ ఎన్నికలు అనగానే "అన్నా, ఆ పేజీ పనిచేస్తదా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా.

మీకు ముందే జనం తెలిసి ఉంటే పనిచేస్తుంది. పేజీ పెట్టగానే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి డబ్బులు వేయరు. 2019లో బేగుసరాయ్‌లో కన్హయ్య కుమార్‌కు 70 లక్షలు, అంటే అప్పటి లోక్‌సభ ఖర్చు పరిమితి మొత్తం, ఇలాగే వచ్చింది. కానీ అప్పటికే ఆయన దేశమంతా తెలిసిన మనిషి. 2023లో కొల్లాపూర్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ బర్రెలక్కకు ఎక్కడెక్కడి వాళ్లో పంపారంటే ఆమె వీడియోలు అంతకుముందే అందరి ఫోన్లలో తిరిగాయి. మావాడి పేరు కాలనీ సంఘం దాటి ఎవరికీ తెలియదు. మొదట్లో స్నేహితులు, చుట్టాలు, ఆఫీసువాళ్లు వేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి చందా ఫోన్ చేసి అడిగితేనే వచ్చింది.

బల్దియాకైతే ఇది దండగ. 2020 నవంబర్ 17న నోటిఫికేషన్, డిసెంబర్ 1న పోలింగ్. పేజీ వెరిఫికేషన్ అయి డబ్బు చేతికొచ్చేసరికి ప్రచారం చివరికొచ్చింది. ఖర్చు పరిమితే 5 లక్షలు. దానికి బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో పెట్టుకుంటే చాలు. యూపీఐకి కోత కూడా ఉండదు. పేజీలోనైతే దాన్ని నడిపే ప్లాట్‌ఫారం వాళ్ల ఫీజు, ఆన్‌లైన్ చెల్లింపుకు గేట్‌వే చార్జీ, ఆ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ.

అసెంబ్లీకి పరిమితి 40 లక్షలు, నెలల ముందు నుంచే అడగొచ్చు. అక్కడ పేజీ అక్కరకొచ్చింది. ఇండిపెండెంట్‌కు గుర్తు తేలేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. 2023లో అది నవంబర్ 15, పోలింగ్ 30న. గుర్తు లేకుండా కరపత్రం కొట్టించి లాభం లేదు. గుర్తు రాగానే ప్రెస్సువాడికి అడ్వాన్స్ కట్టగలిగామంటే అప్పటికే కొంత డబ్బు పోగై ఉండబట్టే. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కారులో 50 వేలకు మించి నగదు ఉంటే కాగితాలు చూపించాలి. ఖాతాలో ఉన్న డబ్బుకు ఆ టెన్షన్ లేదు.

మనవాళ్ల చందా తీరు మాత్రం ఈ పేజీలు చేసినవాళ్లకు తెలిసినట్టు లేదు. 500, 1000, 2000 అని బటన్లు పెట్టారు. అందరూ వాటిని వదిలేసి 116, 516, 1116 టైప్ చేసి పంపారు. "శుభమా అని నామినేషన్ వేస్తుంటే సున్నాతో ముగిసే డబ్బు ఎట్లా ఇస్తాం బాబూ" అన్నారు ఒక పెద్దాయన. థాంక్స్ మెసేజ్ మొత్తం ఇంగ్లీషులోనే వెళ్లేది. అది చూసి ఆటో నడిపే ఒకాయన "ఇంకా ఏమన్నా కట్టాల్నా అన్నా?" అని ఫోన్ చేశాడు.

అసలు తలనొప్పి లెక్క రాయడం దగ్గరుంది. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఎన్నికల సంఘం ఇచ్చే రిజిస్టర్‌లో తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క. ప్లాట్‌ఫారం వాళ్లు వందమంది చందాలు కలిపి, చార్జీలు కోసి, ఒకే మొత్తంగా ఖాతాలో వేస్తారు. పసుపు పేజీలో ఒక్క లైను. ఎన్నికల ఖర్చుల పరిశీలకుడి దగ్గరికి రిజిస్టర్ తీసుకెళ్తే ఆ లైను మీద వేలు పెట్టి "ఇదెవరిచ్చారు?" అని అడుగుతారు. అప్పుడు ఆ వందమంది జాబితా, ఎవరెంత ఇచ్చారు, ఎంత కోత పోయింది, అన్నీ చూపించాలి. రాత్రి ప్రచారం నుంచి వచ్చాక ఎక్సెల్ ముందు కూర్చుని నేను చేసిన పని అదే. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో పూర్తి లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుణ్ని చేయొచ్చు, ఓడినవాళ్లను కూడా.

దీనిలోనే నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. పేజీలో "పేరు దాచు" అనే బటన్ ఉంటుంది. మా మెయిన్‌రోడ్డు మీద కిరాణా, టైర్ల షాపు, టిఫిన్ సెంటర్ వాళ్లంతా అది నొక్కే ఇచ్చారు. "ఇస్తా గానీ నా పేరు బయటికి రావొద్దు, రేపు ట్రేడ్ లైసెన్స్‌కు తిరగాల్సింది నేనే" అన్నాడు ఒకాయన. పేరు దాగేది పేజీ మీదే. మనం అధికారులకిచ్చే లెక్కలో దాతల వివరాలు ఉంటాయి, ఆ లెక్కను ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని రూలే ఉంది. ఈ మాట ప్లాట్‌ఫారం ఎక్కడా చెప్పదు. రెండోసారి మేమే ముందుగా చెప్పి అడిగాం. కొందరు వెనక్కి తగ్గారు. టైర్ల షాపాయన మాత్రం నవ్వి 1116 వేశాడు.

అమెరికా డబ్బు గురించి రెండు ముక్కలు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి ఇవ్వొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అభ్యర్థికి ఇవ్వకూడదు. డల్లాస్‌లో ఉన్న మా బాబాయ్ కొడుకు దీనికి అలిగాడు, ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. విదేశీ కార్డులు తీసుకోకుండా మొదటిరోజే సెట్టింగ్ మార్చండి, వచ్చాక తిప్పి పంపడం పెద్ద తతంగం. ట్యాక్స్ రసీదు అడిగేవాళ్లకు కూడా ముందే చెప్పండి. ఆదాయపు పన్ను మినహాయింపు పార్టీలకు, వాటికి చందాలు చేర్చే ఎలక్టోరల్ ట్రస్టులకు ఇచ్చినదానికే, ఇండిపెండెంట్‌కు ఇస్తే రాదు.

మావాడు మళ్లీ నిలబడతానంటున్నాడు. ఈసారి అసెంబ్లీకైతే నామినేషన్ దాకా పేజీ నడిపి, ఎన్నికల ఖాతా తెరిచిన రోజు నుంచి నేరుగా ఆ ఖాతా క్యూఆరే ఇస్తాం. పసుపు పేజీలో ఎవరి లైను వాళ్లకే ఉంటుంది.