కలంకారీ పేకతో ఒంటరి ఆట: నెల రోజుల వాడకం తర్వాత

తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక హస్తకళల దుకాణంలో, శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలతో అచ్చువేసిన పేక కట్టను 450 రూపాయలకు కొన్నాను. పేక అనగానే పందెం గుర్తుకు వచ్చే ఇల్లు మాది కనుక, ఒక్కరే కూర్చుని ఆడుకునే సాలిటేరు కోసమే దీన్ని తెచ్చుకున్నాను. రమ్మీలో 13 ముక్కలను చేతిలో విసనకర్రలా పట్టుకుని తీరికగా చూసుకోవచ్చు. సాలిటేరులో ముక్కలు ఒకదానిపై ఒకటి పరచుకుని ఉంటాయి కాబట్టి, చాలావాటికి పై అంచు తప్ప మరేమీ కనిపించదు. అందువల్ల ముక్క మధ్యలోని బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఆట నడిచేది మూలనున్న అంకె, గుర్తు, రంగు మీదనే.

ముందుగా బొమ్మల సంగతి. రాజు అంబారీ మీద కూర్చున్నాడు, రాణి చేతిలో చిలుక ఉంది, జాకీ విల్లు పట్టుకున్నాడు. ఆసు ముక్కల మీద కొమ్మలు విరబోసుకున్న చెట్టును వేశారు. రామాయణ, భారత కథలకు పేరుపొందిన కళే అయినా దేవుళ్ళ బొమ్మలు ఎక్కడా వేయలేదు. చాప మీద పరిచి, కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆడే వస్తువు విషయంలో ఇది ఎంతో ఆలోచించి చేసిన పనిగా నాకు తోచింది.

చిక్కంతా రంగులతో వచ్చింది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీటిలో నానబెట్టి తీసే నలుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం, కరక్కాయ పూవు పసుపు కలంకారీలో వాడే రంగులు. అచ్చువేసినవారు వాటిని అనుసరించి ఇస్పేటుకు నలుపు, కళావరుకు నీలం, ఆఠీనుకు ఎరుపు, డైమనుకు పసుపు ఇచ్చారు. చూడటానికి నిండుగా ఉంది కానీ, సాలిటేరుకు కావలసినవి రెండే రంగులు.

ఎందుకో తెలియాలంటే ఆట తీరు చెప్పుకోవాలి. 52 ముక్కలను బాగా కలిపి ఏడు నిలువు వరుసలు పేర్చాలి. మొదటి వరుసలో ఒకటి, రెండో వరుసలో రెండు, అలా ఏడో వరుసలో ఏడు, మొత్తం 28 ముక్కలు. ప్రతి వరుసలోనూ చివరి ముక్కను మాత్రమే తెరిచి, మిగిలినవాటిని బోర్లించి ఉంచాలి. మిగిలిన 24 ముక్కలను పక్కన కట్టగా పెట్టుకుని, కొత్తవారైతే ఒక్కొక్కటిగా, చేయి తిరిగినవారైతే మూడేసి చొప్పున తిప్పుకోవాలి. ఆసు బయటపడగానే పైన విడిగా పెట్టి, దానిపై అదే గుర్తుగల ముక్కలను రెండు నుంచి రాజు వరకు వరుసగా చేర్చాలి. కింది వరుసల్లో మాత్రం అంకె తగ్గుతూ, ఎరుపుపై నలుపు, నలుపుపై ఎరుపు రావాలి. ఖాళీ అయిన వరుసలోకి రాజుకు మాత్రమే చోటుంది కనుక, చేతికి రాజు అందుబాటులో లేనప్పుడు తొందరపడి వరుసను ఖాళీ చేయకపోవడం మంచిది. బోర్లించిన ముక్కలు ఎక్కువగా ఉన్న వరుసను ముందు తెరవడం నాకు బాగా కలిసివచ్చిన పద్ధతి.

ఈ కట్టలో పసుపు డైమనును ఎరుపుగానే లెక్కించాలని కన్ను ఒప్పుకోదు. మా అమ్మ ఎర్రని ఆఠీను ఏడు మీద పసుపు డైమను ఆరు పెట్టి, "రంగు వేరే కదమ్మా" అన్నది. కంటికి కనబడినంతలో ఆవిడ మాటే సరైనది. రాత్రి దీపం వెలుతురులో నీలం, నలుపు కూడా కలిసిపోతాయి, పైగా మూలనున్న అంకె కందిగింజకన్నా పెద్దది కాదు.

మరొక ఇబ్బంది నా కట్టకే ఎదురైంది. మొదటి వారంలో ఆడిన ఆటల్లో ఒక్కటీ పూర్తికాలేదు. పడిన ముక్కలను బట్టి ఈ ఆట కొన్నిసార్లు ఎలా ఆడినా తేలదు కనుక నాకు అనుమానం రాలేదు. చివరికి నాలుగు గుర్తులనూ విడదీసి చూస్తే, కళావరు ఏడు రెండున్నాయి, ఎనిమిది లేదు. లెక్కకు 52 ఉన్నాయి కనుక ఊరికే లెక్కపెట్టినా ఆ తప్పు దొరికేది కాదు. దుకాణంవారు మారు మాట లేకుండా కట్ట మార్చి ఇచ్చారు. కొన్నవారు అక్కడే గుర్తులవారీగా పేర్చి చూసుకోవాలని నా మనవి.

కాగితం గట్టిది, కలిపేటప్పుడు అతుక్కోదు. ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు కాబట్టి ఏడు వరుసలకు, మధ్య సందులతో కలిపి, అర మీటరు చోటు కావాలి. చిన్న పీట చాలదు, చాప పరచుకోవలసిందే.

బహుమతిగా ఇవ్వడానికి దీన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను. ఆడుకోవడానికి కొనేవారు మాత్రం నేను చేసినట్టు ఒక ఎర్ర మార్కరు దగ్గర పెట్టుకోవాలి. 13 డైమను ముక్కలకు, ఎటు తిప్పినా కనబడేలా రెండేసి మూలల్లో, మొత్తం 26 చుక్కలు పెట్టాను. ఆ తర్వాత మా అమ్మ ఆఠీను మీద డైమను వేయలేదు.