జాగ్రత్త: కొటేషన్‌ల ‘యాంగులర్’ అని ఉంటే వెనక ‘జేఎస్’ ఉన్నదో లేదో అడుగుండ్రి

మాది మిర్యాలగూడల రైస్ మిల్లు. కాంటా చీటీలు, తేమ, తాలు తరుగు, హమాలీ లెక్క, రైతుల పేమెంట్లు అన్నీ బ్రౌజర్‌లనే నడిచేటట్టు 2023 చివర్ల ఒక సాఫ్ట్‌వేర్ చేపిచ్చుకున్నం. 2 లక్షల 40 వేలు అయినయి. కంపెనీ పేరు రాయను, అడగొద్దు. నేను ఏం చూడకుండ పైసలు కట్టిన్నో అది చెప్త.

"దేంట్ల చేస్తరు?" అని అడిగిన, అడగకపోలేదు. "గూగుల్ వాళ్ల యాంగులర్ సార్" అన్నడు. బ్రౌజర్ల నడిచే సాఫ్ట్‌వేర్ కట్టనీకి రెడీమేడ్ చట్రం అసొంటిది అది. కొటేషన్‌ల గూడ గదే రాసిండు. ఫోన్ల వెతికి చూసిన. ఆర్నెల్లకో కొత్త వర్షన్ వస్తున్నది, గూగుల్ నడుపుతున్నది. బాగనే ఉన్నదని అడ్వాన్స్ కొట్టిన.

ఆ పేరు మీద రెండున్నయని నాకు తెల్వదు. పాతది యాంగులర్‌జేఎస్, దాని నంబర్లు 1 తోని మొదలైతయి. 2016 సెప్టెంబర్ల గూగుల్ మొత్తం కొత్తగ రాసి 2 అని వదిలింది. ఇప్పుడు యాంగులర్ అంటే ఇదే. పాతదాంట్ల రాసిన కోడ్ కొత్తదాంట్ల ఉన్నదున్నట్టు నడవది. పాతదానికి గూగుల్ సపోర్ట్ 2021 డిసెంబర్ 31 తోని బంద్. అంటే మాకు అమ్మేనాటికే రెండేండ్లు. ఇగ ఏ సెక్యూరిటీ లోపం బయటపడ్డా గూగుల్ సరిచేయది. ‘జేఎస్’ అనే రెండు అక్షరాలు మింగి మాకు పాతది అంటగట్టిండ్రు.

ఇది ఎట్ల బయటపడ్డదంటే, 2024 మార్చిల మన బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారినయి గదా. యాసంగి కోతలప్పుడు ఒకాయన కొత్త ట్రాక్టర్ తోని వడ్లు తెచ్చిండు, టీజీ 05. గుమస్తా నంబర్ కొట్టి సేవ్ నొక్కితే ఎర్రగీత వచ్చి ఆగింది. టీఎస్ తోనో ఏపీ తోనో మొదలైతేనే తీసుకునేటట్టు లోపల రాసిపెట్టిండ్రు. వెనక ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద ఆగినయి, ఒకటే హారన్లు. గుమస్తా టీఎస్ అనే కొట్టి చీటీ ఇచ్చిండు. రైతు చీటీ అటిటు తిప్పి చూసి, "ఇది నా బండి గాదే అన్నా, రేపు పైసలు ఎవలికి వడ్తయి?" అన్నడు. ఏం జవాబు చెప్తం? ఆ సీజనంత పెన్నుతోని ఎస్ కొట్టేసి జీ రాసి, పక్కన స్టాంప్ గుద్దినం.

మారాల్సింది ఒక్క అక్షరం. కంపెనీకి ఫోన్ చేస్తే రాసిన పిలగాడు మానేసిండట, ఉన్నోళ్లకు అది రాదట. కొత్తదాంట్లకు మార్చాలంటే ఇంకో లక్షన్నర అన్నరు. హైదరాబాద్‌ల పనిచేసే మా మేనల్లుడు "మామా, సోర్స్ కోడ్ పంపు" అన్నడు. సోర్స్ కోడ్ అంటే మనిషి చదివి మార్చుకునేటట్టు రాసిన అసలు కోడ్. మాకు ఇచ్చింది బిల్డ్ ఫోల్డర్ ఒక్కటే, అంటే దాన్ని కుదించి నడపనీకి తయారు చేసిన ఫైళ్లు. తెరిస్తే ఒక్క వరుసల అక్షరాలన్నీ కుక్కిపెట్టినట్టున్నయి, ఎంత జరిపినా అయిపోతలేదు. మనం వడ్లు అడిగితే వాళ్లు పిండి పట్టి ఇచ్చిండ్రు!

స్క్రీన్ నెమ్మది సంగతి గూడ అప్పుడే సమజైంది. యాంగులర్‌జేఎస్ మనం ఒక్క అక్షరం కొడితే పేజీల కట్టిపెట్టిన ప్రతి విలువను మల్ల చెక్ చేసుకుంటది. అసొంటివి రెండు వేలు దాటితే బరువైతదని డెవలపర్ల లెక్క. మా పేజీల 600 చీటీలు, ఒక్కోదానికి 8 గడులు, మీరే గుణించుకోండ్రి. డెమోల 10 చీటీలే ఉండె, పరిగెత్తింది.

చూసుడు ఎట్లనో చెప్త. డెమో క్రోమ్‌ల తెరవమని ఎఫ్12 నొక్కుండ్రి, పేజీ లోపలి సంగతులు చూపే డబ్బా తెరుచుకుంటది. దాంట్ల కన్సోల్, ఎలిమెంట్స్ అని ట్యాబులుంటయి. కన్సోల్‌ల ఇంగ్లీషు చిన్నక్షరాలతోని angular.version.full అని కొట్టి ఎంటర్ నొక్కితే 1 తోని మొదలయ్యే నంబర్ వచ్చిందా, లేచి రాండ్రి. కొత్త యాంగులర్ అయితే ఎలిమెంట్స్‌ల ఎన్‌జీ-వర్షన్ అని పక్కన నంబర్ ఉంటది. ఆ నంబర్ గూడ రాసుకోవాలె. ఒక్కో వర్షన్‌కు సపోర్ట్ 18 నెలలే.

వ్యూ, రియాక్ట్ అని యాంగులర్ అసొంటివే వేరే పేరు చెప్పినా గట్లనే అడగాలె. వ్యూ 2 కు 2023 డిసెంబర్ 31 తోని సపోర్ట్ అయిపోయింది, 3 ఉండాలె. రియాక్ట్ బాగనే నడుస్తున్నది గని, దాంట్ల కొత్త పని మొదలువెట్టనీకి వాడే ‘క్రియేట్ రియాక్ట్ యాప్’ అనే పాత పనిముట్టు తోని కొత్తగ ఏం మొదలువెట్టొద్దని 2025 ఫిబ్రవరిల రియాక్ట్ వాళ్లే చెప్పిండ్రు. సోర్స్ కోడ్ మన గిట్ అకౌంట్‌ల, అంటే కోడ్ దాచుకునే ఆన్‌లైన్ ఖాతాల, పడ్డంకనే ఆఖరి పైసలు ఇయ్యుండ్రి.

మేం ఇప్పుడు మేనల్లుని తోని రియాక్ట్, వీట్ (Vite, కోడ్‌ను బ్రౌజర్ల నడిచేటట్టు తయారు చేసే పనిముట్టు) మీద మల్ల రాపిస్తున్నం. అది గొప్పదని గాదు, కోతల నడుమ ఏదన్న ఆగితే చూసేటోడు తొందరగ దొరుకుతడని. యాంగులర్‌జేఎస్‌ను తిడ్తలేను, దాని కాలంల అది మంచిదే.

అదే డెమో ఇప్పుడు కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు మిల్లులల్ల తిరుగుతున్నదని విన్న. తెరవంగనే ఆకుపచ్చ లారీ బొమ్మ ఎడమ నుంచి కుడికి పోతది. అది కనవడితే చాయ్ తాగే ముందే ఎఫ్12 నొక్కుండ్రి.