బియ్యం డబ్బాలో గుచ్చే పురుగుల బోను: రెండు నెలలు వాడాక

శ్రావణంలో ఒక పొద్దున మా నాచారం ఇంట్లో డబ్బా మూత తీస్తే బియ్యం మీద నల్లగా పాకుతున్నాయి. మిర్యాలగూడ నుంచి తమ్ముడు పంపిన 50 కిలోల సన్నబియ్యం. "ఇంత బోరిక్ పౌడర్ కలుపరాదు బిడ్డా, మేమంతా గట్లనే తిన్నం" అన్నది మా అత్తమ్మ. మూడేళ్ళ పాప తినే అన్నం, ఎన్నిసార్లు కడిగినా నాకు మనసొప్పదు. గంజ్‌లో ఒక దుకాణాయన గోదాముల్లో పెట్టే బిళ్ల ఇస్తానన్నాడు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఎవరెంత చెప్పినా దాన్ని గడప దాటనివ్వకండి.

చివరికి కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన పురుగుల బోను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. చూడడానికి గొట్టమే. చుట్టూ 2 మిల్లీమీటర్ల చిల్లులు, అడుగున విప్పి తీసే గరాటు. పై మూత బియ్యం మట్టానికి వచ్చేలా నిలువుగా గుచ్చాలి. పురుగులు గాలి ఆడే చోటు వెతుక్కుంటూ చిల్లుల్లో దూరి కిందికి జారిపోతాయి, తిరిగి ఎక్కలేవు. మందూ లేదు, వాసనా లేదు.

మొదటి పొద్దున విప్పితే 43. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. తల ముందు తొండంలా సాగిన ముక్కుంది, అంటే ముక్కు పురుగే. పది రోజులకు రోజుకు రెండో మూడో పడ్డాయి. హమ్మయ్య అనుకున్నా. నాలుగో వారంలో ఒక్కరోజే 19! తప్పు బోనుది కాదు. ఈ పురుగు గింజకు ముక్కుతో రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి పూడ్చేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, ఈ ఉక్కలో దాదాపు నెలకు బయటపడుతుంది. గింజ లోపల ఉన్నదాన్ని బోను పట్టలేదు కదా. అందుకే తగ్గాయని తీసేయొద్దు. ఎనిమిదో వారం మొత్తం మీద నాలుగే దొరికాయి.

లోపాలూ చెప్పాలి. సన్నబియ్యం గింజలు కొన్ని గరాటులోకి రాలుతున్నాయి. ఉప్మారవ్వకు ఇది పనికిరాదు, రవ్వంతా చిల్లుల్లోంచి కారిపోతుంది. అందులో పట్టినవి ఎర్రటి లక్క పురుగులు. డబ్బా తెరవగానే ఘాటు వాసన కొట్టింది, మొత్తం పారబోశాను. రెండు కిలోల పెసల డబ్బాలో గొట్టం నిలబడే లోతే లేదు. పెసల మీద తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే దుమ్మనుకోకండి, అవి పప్పు పురుగు గుడ్లు. గుండ్రటి రంధ్రాలు పడకముందే సంచీలో కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఆ పెసలతోనే నిన్న పెసరట్లు పోశాను.

ఇంకో బోను కూడా తెప్పించాను. అది తమ్ముడికి పంపుతున్నా, వడ్లు పట్టించిన రోజే బస్తాలో గుచ్చమని.