నాలుగేళ్లు, ఏడు డీప్ క్లీనింగులు, ఒక తెల్ల మచ్చ

మా వంటగట్టు మీద, స్టవ్వుకు కుడిపక్కన, అరచేతి వెడల్పున తెల్ల మచ్చ ఒకటి ఉంది. నల్లటి కడప రాయి కాబట్టి పాలు ఒలికి ఆరిపోయినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు చొరవగా తడిగుడ్డ అందుకుంటారు. ‘వదిలేయండి, అది పోయేది కాదు’ అంటాను. 2021లో మొదటిసారి ఒక సంస్థ వాళ్లను పిలిచి డీప్ క్లీనింగ్, అంటే ఇల్లంతా మూలమూలా శుభ్రం, చేయించిన రోజు పడిన మచ్చ అది. అయినా ఆ తర్వాత ఇంకో ఆరుసార్లు చేయించాను.

మాది కర్నూలు పాత పట్టణంలో, కొండారెడ్డి బురుజుకు దగ్గరలో, రెండు పడకగదుల ఇల్లు. నేలంతా బేతంచెర్ల బండలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఏడాది తిరగకుండానే కొత్త కొళాయికి కూడా తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ రోజు వచ్చిన ముగ్గురిలో చిన్నవాడు యాసిడ్ సీసా తీసి సింకు కొళాయికి పూశాడు. నిమిషంలో పెచ్చు కరిగి కొళాయి తళతళలాడింది. నేను మురిసిపోయాను. అదే గుడ్డతో అతను గట్టు మీది నూనె మరకను రుద్దాడు. సర్రుమని సన్నటి చప్పుడు, తెల్లటి నురుగు. మురికి వదులుతోందని ఇద్దరం సంబరపడ్డాం. వదిలింది మురికి కాదు, రాయి.

కొళాయి మీది పెచ్చు, గట్టు మీది కడప రాయి, కాళ్ల కింది బేతంచెర్ల బండ, మూడూ సున్నపు జాతివే. ఒకదాన్ని కరిగించే యాసిడ్ మిగతా రెండింటినీ కరిగిస్తుంది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు బండల మీదే కాపురం చేసిన నాకూ తట్టలేదు, రోజూ ఇదే పనిలో ఉన్న వాళ్లకూ తట్టలేదు. వాళ్లు ఎక్కువగా టైల్స్ వేసిన అపార్ట్‌మెంట్లలో చేస్తారట. అక్కడ సరిపోయిన మందు ఇక్కడా సరిపోతుందనుకున్నారు. సంస్థకు ఫోను చేస్తే ‘రాయి పాతదమ్మా’ అన్నారు. రాయి పాతది కాక కొత్తది ఎలా ఉంటుంది! తర్వాతిసారి ఐదు వందలు తగ్గించారు, అంతే. కొబ్బరినూనె రాస్తే మచ్చ రెండు రోజులు నల్లబడి మళ్లీ తేలుతుంది. పాలిష్ పట్టే మేస్త్రీ వచ్చి, మచ్చ ఒక్కటే పోదు, గట్టంతా పట్టాలన్నాడు. వదిలేశాను.

ఇంత జరిగాక కూడా వాళ్లను పిలవడానికి మొదటి కారణం చిమ్నీ. వారానికి రెండుసార్లు ఉగ్గాని, బజ్జీ చేసే ఇల్లు మాది. చిమ్నీ లోపల జిడ్డు తేనె రంగు నుంచి తారు రంగుకు తిరిగి, గోరు పెడితే దిగబడేది. నేను స్టూలెక్కి ఎంత తోమినా పైపొర జారడమే తప్ప లోపలిది కదిలేది కాదు. వాళ్లు జాలీలు విప్పి కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో ముప్పావు గంట నానబెట్టారు. టబ్బులో నీళ్లు కాఫీ డికాషన్‌లా అయ్యాయి. మీ జాలీలు స్టీలువైతేనే ఇది చేయనివ్వండి. అల్యూమినియంవి సోడాలో నల్లబడి పాడవుతాయి. ఈ ఒక్క పనికే నేను డబ్బు సంతోషంగా ఇస్తాను.

రెండో కారణం మెట్ల కింద మూల. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. నీళ్లు తీశాక పలుగూ పారా పట్టి బురద ఎత్తాం, బ్లీచింగ్ చల్లాం, నెలల తరబడి కడుగుతూనే ఉన్నాం. ఇల్లు శుభ్రమైందనుకున్నాం. పన్నెండేళ్ల తర్వాత వీళ్ల నీళ్లు పీల్చే యంత్రం ఆ మూలలో బండల సందుల మీద పెట్టగానే గొట్టంలో ఎర్రమట్టి నీళ్లు కదిలాయి. మా వారు ఆ బకెట్టు దగ్గర కూర్చుని, వేళ్ల మధ్య మట్టి నలిపి చూసి, ‘ఇది ఏటి ఒండ్రే’ అన్నారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మిగతావన్నీ ఒక మోస్తరు. ఫ్యాన్లు, కిటికీ జాలీలు బాగా చేస్తారు. కానీ మార్చి గాలులకు పదిహేను రోజుల్లో మళ్లీ దుమ్మే. సోఫా షాంపూకు విడిగా డబ్బు తీసుకుంటారు. మాకు పెద్ద తేడా కనబడలేదు. ఆవిరి యంత్రం పాత ఇళ్లకు జాగ్రత్త: సందుల్లోని సిమెంటు రెండుచోట్ల ఊడొచ్చింది. అటక మీదికి ఎక్కమంటే ముఖాలు చూసుకుంటారు.

ఇంకో మాట. మూడోసారి వచ్చిన కుర్రాళ్లకు చేతి తొడుగులు లేవు. బాత్రూములో యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ చల్లబోతుంటే కేకేసి ఆపాను. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్, తలుపు మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. అప్పటి నుంచి ఇంట్లో రెండు జతల తొడుగులు నేనే కొని పెడుతున్నాను.

మొదట్లో మొత్తం ఇంటికి 4,500 తీసుకున్నవాళ్లు ఇప్పుడు 7,000 అడుగుతున్నారు. పోయిన సంక్రాంతి నుంచి వంటగది, రెండు బాత్రూములు మాత్రమే ఇస్తున్నాను, 3,200. బూజు మేమే దులుపుకుంటాం. బండలకు సబ్బునీళ్లు తప్ప ఏమీ తగలనివ్వను. వాళ్లు సంచులు దించగానే యాసిడ్ సీసా అడిగి తీసుకుని వరండాలో తులసికోట వెనక పెడతాను. కొళాయిలు చేసే పది నిమిషాలకు గట్టు మీద ప్లాస్టిక్ పట్టా పరచి ఇస్తాను, అయిపోగానే సీసా మళ్లీ బయటికి. మొన్న వచ్చిన అబ్బాయి అడగకముందే సీసా నా చేతికిచ్చి, గట్టు మీది మచ్చ చూసి, ‘ఇది మా వాళ్ల పనేనా అమ్మా?’ అన్నాడు.